జన్యుశాస్త్రాన్ని జనం ముందు పెట్టడం ఎలా: ప్రయోగశాల వదిలి బయటికొచ్చే శాస్త్రవేత్తలకు

ఏళ్ల తరబడి పరిశోధన చేసిన జన్యుశాస్త్రవేత్తను బడిపిల్లల ముందో, మ్యూజియం సందర్శకుల ముందో నిలబెడితే మొట్టమొదట చేసే పని డీఎన్‌ఏ అంటే ఏమిటో చెప్పడం. నాలుగు బేసులు, రెండు పోగులు, క్రోమోజోములు, ప్రోటీన్లు. పది నిమిషాలయ్యేసరికి సగం మంది చూపులు గడియారం మీద ఉంటాయి. విషయం కష్టమై కాదు. వంశపారంపర్యం గురించి వాళ్లకు అప్పటికే తమదైన లెక్క ఒకటి ఉంటుంది: ‘అది వాళ్ల రక్తంలోనే ఉంది’, ‘ఒక తరం దాటి వస్తుంది’, ‘పోలిక నాన్నది కాబట్టి జబ్బూ నాన్నదే వస్తుంది’. ఆ లెక్కను కదపకుండా కొత్త మాటలు ఎన్ని చెప్పినా అవి పైపైనే నిలిచి, ఇంటికెళ్లేలోపు జారిపోతాయి. అందుకే ఈ పనిలో దిగేవాళ్లు ముందు నేర్చుకోవలసింది వినడం. తర్వాతే చూపించడం, ఆ తర్వాతే చెప్పడం.

ఒక గంటకు ఒకే అంశం పెట్టుకోండి. కార్యక్రమం అయ్యాక వచ్చినవాళ్లు తమ మాటల్లో చెప్పగలగాల్సిన వాక్యం ఒకటి ముందే రాసుకోండి. ‘జన్యువుల గురించి అవగాహన’ లాంటిది వాక్యం కాదు. ‘ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జబ్బు వచ్చే అవకాశం విడివిడిగా నాలుగో వంతు’ అన్నది వాక్యం (వాహకులంటే పనిచేయని జన్యువు ఒకటి ఉన్నా తమకు జబ్బు లేనివాళ్లు). దానికి పనికిరాని స్లైడు ఎంత అందంగా ఉన్నా తీసేయండి. గంటలో మొదటి 5 నిమిషాలు ప్రశ్నకు, 25 నిమిషాలు చేతిపనికి, 15 నిమిషాలు నాణేల ఆటకు, మిగిలిన 15 వాళ్ల ప్రశ్నలకు ఉంచితే సరిపోతుంది. చివరి 15 నిమిషాలను మాత్రం దేనికోసమూ తగ్గించకండి.

మొదటి 5 నిమిషాల్లో ఒక్కొక్కరికీ తెల్లకాగితం ఇచ్చి మనిషి ఆకారం గీయమనండి, అందులో జన్యువులు ఎక్కడెక్కడ ఉంటాయో చుక్కలు పెట్టమనండి. పేర్లు రాయనక్కర్లేదు. చుక్కలు గుండెలోనో, మెదడులోనో, రక్తనాళాల వెంటో, పునరుత్పత్తి అవయవాల దగ్గరో కనిపిస్తాయి. జన్యువులు ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నా, చర్మం మీదా, కాలిగోటి మొదట్లోనూ చుక్క పెట్టేవాళ్లు తక్కువ. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాగితాలే చెబుతాయి. వాటిని దాచండి, చివర్లో మళ్లీ పని ఉంటుంది.

డీఎన్‌ఏను కంటికి కనిపించేలా తీయడం

ఇది పాత ప్రదర్శనే, కానీ దీనికి సాటి వచ్చేది ఇంకా లేదు. స్ట్రాబెర్రీని ఎంచుకోవడానికి కారణాలు రెండు. సాగులో ఉన్న స్ట్రాబెర్రీ కణంలో క్రోమోజోములు ఎనిమిది సెట్లుంటాయి, మొత్తం 56. మనిషి కణంలో రెండు సెట్లు, 46. పైగా పండిన స్ట్రాబెర్రీలోని ఎంజైములు కణకవచాలను ముందే మెత్తబరిచి ఉంచుతాయి, నలపడం తేలిక. పచ్చికాయ తెస్తే ఈ రెండో లాభం పోతుంది.

ముప్పై మందికి ద్రావణం ఇలా కలపండి: 285 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కరిగించి, 15 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే లిక్విడ్ పోసి, నురగ రాకుండా నెమ్మదిగా తిప్పాలి. ఒక్కొక్కరికి 10 మిల్లీలీటర్లు చాలు, కానీ ఒలికిపోయేది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అంతా రెట్టింపు కొలతలో కలుపుకోవడం మంచిది. ఆల్కహాల్ 95 శాతం ఇథనాల్ అయితే వడకట్టిన రసానికి రెండింతలు పోయాలి. 91 శాతం లేదా అంతకన్నా గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే సమానంగా పోస్తే చాలు. మూత గట్టిగా బిగించి, కార్యక్రమానికి ముందు కనీసం ఒక గంట ఐసు బకెట్‌లో పూడ్చి ఉంచండి. ఇది తేలిగ్గా అంటుకునే ద్రవం. గదిలో దీపాలు, బర్నర్లు, మండే వస్తువు ఏదీ ఉండకూడదు. కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు అందరికీ ఇవ్వాలి, బల్ల మీది పండును ఎవరూ నోట్లో వేసుకోకూడదని మొదటే చెప్పాలి.

తొడిమ, ఆకులు తీసిన పెద్ద స్ట్రాబెర్రీ ఒకటి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, గాలి బయటికి నొక్కి మూసి, రెండు నిమిషాలు బాగా నలపాలి. గడ్డలు మిగలకూడదు. అప్పుడు 10 మిల్లీలీటర్ల ద్రావణం పోసి ఇంకో నిమిషం నలపాలి, ఈసారి మెత్తగా. తర్వాత పల్చటి నూలు గుడ్డలోంచో, కాఫీ ఫిల్టర్ కాగితంలోంచో గ్లాసులోకి వడకట్టాలి. గుడ్డ త్వరగా వడకడుతుంది, కాగితం శుభ్రంగా వడకడుతుంది. పిల్లలైతే గుడ్డే నయం, ఆగలేరు. వచ్చిన రసంలో 3 మిల్లీలీటర్లు పరీక్షనాళికలో పోసి, నాళికను వాల్చి, చల్లటి ఆల్కహాల్‌ను గోడ వెంట చుక్కచుక్కగా జారనివ్వాలి. పైన ఆల్కహాల్, కింద ఎర్రటి రసం విడివిడిగా నిలబడాలి. రెండు మూడు నిమిషాల్లో రెండింటి మధ్య తెల్లటి పోగులు లేచి, మేఘంలా పైకి తేలతాయి. సన్నటి చెక్కపుల్లను ఒకే దిక్కుగా నెమ్మదిగా తిప్పితే చుట్టుకుని వస్తాయి.

ఒక్కో అడుగు ఎందుకో చేస్తున్నప్పుడే చెప్పాలి, ముందు కాదు. కణపొర కొవ్వుతో తయారైంది, కాబట్టి గిన్నెల జిడ్డును విప్పే సబ్బే దాన్నీ విప్పుతుంది. డీఎన్‌ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం ఆ ఆవేశాన్ని కప్పేస్తుంది. నీళ్లలో కరిగే డీఎన్‌ఏ ఆల్కహాల్‌లో కరగదు, అందుకే బయటపడుతుంది.

చెడిపోయేది సాధారణంగా ఆల్కహాల్ దగ్గరే. మందుల షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్ తెచ్చి సమానంగా పోస్తే, కలిసేచోట గాఢత 35 శాతానికి పడిపోతుంది. డీఎన్‌ఏ చాలావరకు ద్రావణంలోనే ఉండిపోయి, ఏదో పల్చటి పొగలాంటిది తప్ప ఏమీ రాదు. పైనుంచి ధారగా పోస్తే పొరలు కలిసిపోయి, పోగుల బదులు చిన్నచిన్న తునకలు కనిపిస్తాయి. నాళికను ఊపినా అంతే, పొడవాటి అణువులు తెగిపోతాయి. సబ్బు పోశాక గట్టిగా నలిపితే నురగ నిండి పోగులు దాంట్లో చిక్కుకుంటాయి. నురగ వస్తే ఐదు నిమిషాలు కదపకుండా పెట్టి, కిందనున్న రసం మాత్రం డ్రాపర్‌తో తీసుకోండి. ద్రావణం కొలతకు మించి పోస్తే రసం పల్చనై ఫలితం తగ్గుతుంది. ఎవరి నాళికలోనైనా ఏమీ రాకపోతే చూపడానికి, మీరే ముందుగా తీసిన రెండు నాళికలు పక్కన ఉంచుకోండి.

ఇప్పుడు నిజాయితీగా ఒప్పుకోవలసిన సంగతి. ఆ పుల్లకు చుట్టుకున్నదంతా డీఎన్‌ఏ కాదు. పండులోని జిగురు పదార్థమైన పెక్టిన్ కూడా ఆల్కహాల్‌లో అలాగే గడ్డకడుతుంది, ప్రోటీన్లూ, డీఎన్‌ఏకు దగ్గరి అణువైన ఆర్‌ఎన్‌ఏ కూడా కొంత ఉంటాయి. ‘ఇదిగో మీ చేతిలో స్వచ్ఛమైన డీఎన్‌ఏ’ అని చెప్పేసి ముందుకు పోవడం తేలికే, కానీ ఈ గంట మొత్తంలో దొరికే మంచి అవకాశం అక్కడ చేజారుతుంది. ‘ఇది డీఎన్‌ఏ అని మనకు ఎలా తెలుసు?’ అని అడగండి. పెద్దవాళ్లు కూడా ఆగి ఆలోచిస్తారు. 1869లో ఫ్రెడరిక్ మీషర్ కట్లకు అంటిన చీములోని తెల్ల రక్తకణాల నుంచి ఇలాంటి పదార్థాన్నే తీసి, ఇదే ప్రశ్న వేసుకున్నాడు. ప్రోటీన్లను జీర్ణం చేసే పెప్సిన్‌కు అది లొంగలేదు, దాంట్లో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంది. కనుక ఇది మామూలు ప్రోటీన్ కాదని తేల్చాడు, న్యూక్లిన్ అని పేరు పెట్టాడు. వంశపారంపర్యానికి మూలం డీఎన్‌ఏయేనని చూపే ప్రయోగాలు ఆవరీ, మెక్లౌడ్, మెకార్టీ చేసి ప్రకటించింది 1944లో. మధ్యలో 75 ఏళ్లు గడిచాయి. శాస్త్రం ఎలా నడుస్తుందో విడిగా ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, చేతిలో పుల్ల ఉండగా ఈ ముచ్చట చెబితే చాలు.

నాణేల ఆట

‘నాలుగో వంతు అవకాశం’ అని వైద్యులు చెబితే చాలామందికి వినిపించేది ‘నలుగురు పిల్లల్లో ఒకరికి’ అని. మొదటి బిడ్డకు జబ్బు వస్తే మిగతావాళ్లు గట్టెక్కినట్టేనని అనుకుంటారు. ఈ పొరపాటు నిజ జీవితంలో నిర్ణయాలను తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి దీనికి సమయం ఇవ్వండి.

ప్రతి ఒక్కరికీ రెండు నాణేలు. ఒకటి తల్లి, ఒకటి తండ్రి, ఇద్దరూ వాహకులే. బొమ్మ పడితే పనిచేసే జన్యువు, బొరుసు పడితే పనిచేయనిది. రెండు నాణేలూ ఒకేసారి ఎగరేస్తే ఒక బిడ్డ. రెండూ బొరుసే అయితే ఆ బిడ్డకు జబ్బు. నాలుగుసార్లు ఎగరేసి, ఆ కుటుంబంలో ఎందరికి జబ్బు వచ్చిందో రాసుకోమనండి. తర్వాత బోర్డు మీద సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గళ్లు గీసి, చేతులెత్తించి లెక్కపెట్టండి.

ముప్పై కుటుంబాలైతే దాదాపు 9 లేదా 10 కుటుంబాల్లో ఎవరికీ జబ్బు ఉండదు. 12 లేదా 13 కుటుంబాల్లో ఒక్కరికి, ఆరింటిలో ఇద్దరికి వస్తుంది. ముగ్గురికి వచ్చిన కుటుంబం ఒకటో రెండో ఉండొచ్చు. లెక్క ప్రకారం సరిగ్గా ఒక్కరికి వచ్చే అవకాశం 42 శాతమే, అంటే సగానికన్నా ఎక్కువ కుటుంబాలు ‘నలుగురిలో ఒకరు’ అన్న మాటకు అతకవు. గదిలో ఉన్న 120 మంది ‘పిల్లలను’ కలిపి చూస్తే మాత్రం 30కి దగ్గరగా వస్తుంది. మెండెల్ బఠాణీల్లో 5,474 నున్నటి గింజలు, 1,850 ముడతల గింజలు లెక్కపెట్టాల్సి రావడానికి కారణం ఇక్కడ దానంతటదే తెలిసిపోతుంది: చిన్న లెక్కలో మూడుకు ఒకటి అనే నిష్పత్తి కనిపించదు. నాణేలు బల్ల కింద దొర్లిపోతుంటాయి కనుక ట్రేలు ఇవ్వండి, లేకపోతే పావు గంట వెతకడానికే సరిపోతుంది.

చేయకూడనివి

నాలుక చుట్టడం, చెవితమ్మె అతుక్కుని ఉండటం, కళ్ల రంగు ఇవన్నీ జాబితా రాయించి ‘మీ అమ్మానాన్నలతో పోల్చండి’ అనే అభ్యాసం పాఠ్యపుస్తకాల నుంచి ఇంకా పోలేదు. దాన్ని వాడకండి. నాలుక చుట్టడం ఒకే జన్యువు పని అని జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ 1940లో రాశాడు. 1952లో మాట్లాక్ ఒకేలాంటి కవలలను పరీక్షిస్తే ఒకరు చుట్టగలిగి మరొకరు చుట్టలేని జంటలు తేలాయి. స్టర్టెవాంట్ తర్వాత తన మాటను తానే వెనక్కి తీసుకున్నాడు. కళ్ల రంగులోనూ ఎన్నో జన్యువుల పాత్ర ఉంది, నీలికళ్ల దంపతులకు గోధుమరంగు కళ్ల బిడ్డ పుట్టొచ్చు. ఈ పాఠం విన్న పిల్లవాడు ఇంటికెళ్లి ‘అమ్మా నాన్నా ఇద్దరూ చుట్టలేరు, నేను చుట్టగలను’ అని తేల్చుకుంటే ఆ ఇంట్లో పుట్టే అనుమానానికి బాధ్యులం మనమే.

బ్లడ్ గ్రూపులు నియమం పక్కాగా ఉన్నట్టు కనిపించి ఇంకా ప్రమాదం తెస్తాయి. ఏబీ గ్రూపు ఉన్నవాళ్లకు ఓ గ్రూపు బిడ్డ పుట్టదన్నది సాధారణ నియమం. కానీ 1952లో వెలుగులోకి వచ్చిన బాంబే రక్తవర్గం ఉన్న వ్యక్తి మామూలు పరీక్షలో ఓ గ్రూపుగా తేలతారు, తల్లిదండ్రులది ఏ గ్రూపైనా కావచ్చు. అరుదే, అయినా ఆ అరుదైన ఇల్లు మీ గదిలో ఉండకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు. దత్తత వచ్చినవాళ్లు, తల్లినో తండ్రినో ఎరగనివాళ్లు, జన్యుసంబంధమైన జబ్బుతో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు కూడా ప్రేక్షకుల్లో ఉంటారు. కుటుంబ వృక్షం అవసరమైతే మీరే ఒక ఊహా కుటుంబాన్ని గీసి తీసుకెళ్లండి. గింజలు రెండు రంగుల్లో ఉన్న మొక్కజొన్న కండెను బల్ల మీద పెట్టి లెక్కపెట్టించడం ఇంకా మంచిది, ఒక్క కండెలోనే కొన్ని వందల గింజలుంటాయి, వాటికి ఎవరి పరువూ అంటదు.

పీటీసీ అనే రసాయనం అద్దిన కాగితం రుచి చూడటం కొంచెం నయమైన ప్రయోగం. కొందరికి అది చేదు, కొందరికి రుచే లేదని ఆర్థర్ ఫాక్స్ 1931లో ప్రకటించాడు. కారణమైన జన్యువు టీఏఎస్‌2ఆర్‌38. ఆ తేడాలో ఎక్కువ భాగం దానివల్లే, మొత్తం మాత్రం కాదు. ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చని చెప్పి, ఇంటివాళ్లతో పోల్చనివ్వకుండా, గదిలోని లెక్క మాత్రం తీయండి.

మాట జాగ్రత్త

‘క్యాన్సర్ జన్యువు’, ‘లావు జన్యువు’ అనే పదబంధాలు సులువుగా నోటికొస్తాయి. వినేవాళ్లకు మాత్రం ఆ జన్యువు కొందరిలోనే ఉన్నట్టూ, ఉంటే జబ్బు తప్పనట్టూ అర్థమవుతుంది. బీఆర్‌సీఏ1 జన్యువు అందరిలోనూ ఉంది, దాని పని దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేయడం. అది పాడైనప్పుడు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. వాక్యం కాస్త పొడవైనా ఇలాగే చెప్పండి.

‘ముప్పు రెట్టింపు’ అని ఎప్పుడూ ఒంటిగా అనకండి. దేనికి రెట్టింపు? వెయ్యి మందిలో 5 నుంచి 10 అయినా రెట్టింపే, 300 నుంచి 600 అయినా రెట్టింపే. 25 వరుసల్లో 40 చొప్పున వెయ్యి చుక్కలున్న కాగితం ముద్రించుకుని, ముందు 5 చుక్కలకు, తర్వాత ఇంకో 5 చుక్కలకు రంగు వేసి చూపండి. శాతాలు అర్థం కానివాళ్లకూ ఆ కాగితం అర్థమవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురయ్యే అంకె హెరిటబిలిటీ. ఎత్తుకు అది 80 శాతం అంటే, 170 సెంటీమీటర్ల మనిషిలో 136 సెంటీమీటర్లు జన్యువులవీ, మిగతా 34 తిండివీ అని కాదు. ఒక జనాభాలో మనుషుల ఎత్తుల మధ్య కనిపించే తేడాల్లో 80 శాతం వాళ్ల జన్యువుల మధ్య తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. అదే జనాభాకు పోషణ మారితే ఆ అంకె మారుతుంది, జన్యువులు మారకుండానే సగటు ఎత్తు కూడా మారొచ్చు. ఒక్కో మనిషికి వర్తించే అంకె కాదిది. ఎత్తు గురించే ఇంకో సంగతి: 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ సమాచారంతో చేసిన అధ్యయనం ఎత్తుతో ముడిపడిన దాదాపు 12,000 జన్యు తేడాలను గుర్తించింది. ‘ఎత్తు జన్యువు ఏది?’ అని అడిగినవాళ్లకు ఈ ఒక్క అంకె చాలు.

ప్రశ్నల సమయం

రెండు రకాల ప్రశ్నలకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. మొదటిది జాతుల గురించి, తెలివితేటల గురించి. దాటేస్తే ఆ ఖాళీని ఇంకెవరో నింపుతారు. మనుషుల్లో ఉన్న జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే కనిపిస్తుందని జన్యుశాస్త్రవేత్త లెవాంటిన్ 1972లో చూపాడు, తర్వాతి అధ్యయనాలు కూడా ఆ దరిదాపుల్లోనే తేల్చాయి. జన్యుశాస్త్రం పేరు చెప్పి జరిగిన అన్యాయాలను కూడా దాచకూడదు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు బక్ వర్సెస్ బెల్ తీర్పుతో బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలను సమర్థించింది, 1933లో నాజీ జర్మనీ అలాంటి చట్టమే చేసింది. వీటిని సమర్థించినవాళ్లలో పేరున్న శాస్త్రవేత్తలు ఉన్నారు. ఈ మాట శాస్త్రవేత్త నోటే రావాలి.

రెండోది అందరూ వెళ్లిపోయాక దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగేది: ‘మా అక్కకు వచ్చింది, నాకూ వస్తుందా?’ లెక్కలు కట్టి చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. వైద్య చరిత్ర చూడకుండా చెప్పిన అంకె సరైనదైనా కీడే చేస్తుంది. కూర్చోబెట్టి వినండి, జన్యు సలహాదారుని ఎక్కడ కలవాలో, వెళ్లేటప్పుడు ఏ రిపోర్టులు పట్టుకెళ్లాలో రాసిన కాగితం చేతికివ్వండి. ఇంటికి తెప్పించుకున్న, ఉమ్మితో చేసే జన్యు పరీక్ష ఫలితం చూపిస్తే, వైద్య ప్రయోగశాలలో మళ్లీ నిర్ధారించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని గట్టిగా చెప్పాలి.

దీన్నే వృత్తిగా చేసుకోవాలంటే

మొదటి ఏడాది కొత్త కార్యక్రమాలు తయారుచేయకండి. ఒక్కదాన్నే వేర్వేరు వయసులవాళ్ల ముందు పదేపదే చేసి, ప్రతిసారీ కొంత కోసి, కొంత కుట్టండి. ఉపాధ్యాయులతో కలిసి తయారుచేయండి, తరగతిలో 40 నిమిషాల్లో ఏది అవుతుందో, ఏది కాదో వాళ్లకు తెలిసినంత మీకు తెలియదు. ఉపాధ్యాయుడికి శిక్షణ ఇచ్చి సామాను చేతికిస్తే మీరు వెళ్లని తరగతులకూ పాఠం వెళ్తుంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల 1988లో నెలకొల్పిన డీఎన్‌ఏ లెర్నింగ్ సెంటర్ ఈ దారిలోనే ఎదిగింది. యూటా విశ్వవిద్యాలయపు జెనెటిక్ సైన్స్ లెర్నింగ్ సెంటర్ ఉచితంగా పెట్టిన పాఠాలను చూస్తే ఒక్క భావనను ఎన్ని మెట్లుగా విడగొట్టొచ్చో తెలుస్తుంది.

డబ్బు సంగతి: పరిశోధన గ్రాంటు అడిగేటప్పుడే ప్రజల్లో చేసే పనికి విడిగా పద్దు రాయండి. మిగిలితే చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు. మనిషి డీఎన్‌ఏ క్రమాన్ని చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టులో నైతిక, న్యాయ, సామాజిక అంశాల కోసం బడ్జెట్లో మొదట 3 శాతం, తర్వాత 5 శాతం పక్కన పెట్టారు. మీ దరఖాస్తులో ఉదాహరణగా చూపడానికి అది పనికొస్తుంది. పద్దులో సామాను ఒక్కటే కాదు, ఫలితాలు కొలిచే మనిషి జీతం కూడా ఉండాలి. ఇక జన్యు సలహా వైపు వెళ్లాలనుకుంటే అది వేరే దారి, దానికి ప్రత్యేకంగా మాస్టర్స్ స్థాయి శిక్షణ కావాలి. పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన ఆ పని చేయకూడదు.

కొలవడం అంటే ‘కార్యక్రమం ఎలా ఉంది?’ అని అడగడం కాదు. బాగుందనే అంటారు. మొదట గీసిన మనిషి బొమ్మను చివర్లో మళ్లీ గీయించి రెండూ పక్కపక్కన పెట్టండి. వీలైతే ఆరు వారాల తర్వాత ఉపాధ్యాయుడితో మూడోసారి గీయించండి. మూడో బొమ్మ మొదటిదానిలా ఉంటే చేతిపని సరదాగా జరిగిందే తప్ప పాఠం అంటలేదన్నమాట. చుక్కలు ఏ అవయవం దగ్గర ఆగిపోయాయో చూసి ఆ భాగాన్నే తిరగరాయండి.

సామాను సర్దేటప్పుడు ఆల్కహాల్ కలిసిన వ్యర్థాన్ని మూతగల సీసాలో విడిగా పోసి, ప్రయోగశాల ద్రావకాల వ్యర్థంతోపాటు పంపించండి. మిగిలిన గుజ్జు మామూలు చెత్తలో వేయొచ్చు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు, అడిగినవాళ్ల మాటల్లోనే, ఆ పూటే రాసిపెట్టుకోండి. రేపటికి అవి మీ మాటల్లోకి మారిపోతాయి, అప్పుడు అడిగిన మనిషి ఏమనుకుంటున్నాడో వాటిలో కనిపించదు. ఒకే ప్రశ్న మూడు వేర్వేరు చోట్ల వస్తే తర్వాతి గంటకు అంశం అదే.